నెకర్ ఒడ్డున మా ఊరి ప్రభ

రైలు దిగగానే వాసన... బెల్లం పాకం లాంటి కమ్మటి వాసన! ‘అచ్చం మన జీళ్ల కొట్టు ముందు నిలబడ్డట్టు లేదూ!’ అంది మా విజయవాడ స్నేహితురాలు. తీరా చూస్తే చక్కెరలో దోరగా వేయిస్తున్న బాదంపప్పులు. పిల్లలు అక్కడే ఆగిపోయారు. పరాయి దేశంలో మా మొదటి తిరునాళ్ల అలా మొదలైంది.

మావారి ఉద్యోగం కోసం 2022 వేసవిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్లాం. ఆ ఊళ్లో ఏటా సెప్టెంబరు చివర్లో నెకర్ నది ఒడ్డునున్న కాన్‌స్టాట్ మైదానంలో ‘ఫోక్స్‌ఫెస్ట్’ జరుగుతుంది. అంటే జనం పండగ. కరోనా వల్ల 2020, 2021లలో జరగలేదు. అందుకే ఆ ఏడు జనం విరగబడి వచ్చారు. మేం మూడు తెలుగు కుటుంబాలవాళ్లం, మాకు తోడుగా మా పక్కింటి జర్మన్ పెద్దావిడ.

రంగుల రాట్నం, గుండెలదిరే ఊయలలు, మెడలో దండల్లా వేలాడే కేకు హృదయాలు, ఇంత పొడుగు గుడారాల్లో బల్లలెక్కి పాడేవాళ్లు... బీరు సంగతి పక్కన పెడితే అంతా మన తిరునాళ్లే. పిల్లాడు తప్పిపోతాడేమోనని చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచే అమ్మలతో సహా!

ఆ సందడి మధ్యలో ఓ ఎత్తయిన స్తంభం కనిపించింది. ఇరవయ్యారు మీటర్లట. చుట్టూ ధాన్యపు కంకులు, పళ్లు, కూరగాయల అలంకారం. చూడగానే మా కోటప్పకొండ ప్రభ గుర్తొచ్చింది. నరసరావుపేట దగ్గర శివరాత్రి తిరునాళ్లకి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆకాశమంత ఎత్తున కట్టి తీసుకెళ్లే ప్రభలు తెలిసినవే కదా. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఎందుకంటే ప్రభ మూలంగానే మా నాన్నకీ నాకూ ఆర్నెల్లుగా పొడిపొడి మాటలు.

2021 చివర్లో నల్ల తామర పురుగు మా మిరపతోటని ఊడ్చేసింది. పెట్టుబడి కూడా రాలేదు. అలాంటిది 2022 శివరాత్రికి నాన్న ప్రభ చందా కింద అయిదువేలు ఇచ్చారని అమ్మ చెప్పింది. ‘అప్పుల్లో ఉండి ఈ ఆడంబరాలేంటి నాన్నా! మీరు మారరా?’ అని ఫోన్లో గట్టిగానే అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. ఫోను అమ్మకిచ్చేశారు.

‘ఆ స్తంభం ఎందుకో తెలుసా?’ అని పెద్దావిడ చెప్పడం మొదలుపెట్టారు. 1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళీ, గంధకపు పొరా ఎండని అడ్డుకోవడంతో 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. చలి, ఎడతెగని వానలు... పంట పొలంలోనే కుళ్లిపోయింది. ఈ ప్రాంతం అప్పట్లో వుర్టెంబర్గ్ రాజ్యం. తిండి లేక వేలమంది రష్యాకీ అమెరికాకీ వలసపోయారు. కొత్తగా గద్దెనెక్కిన విల్హెల్మ్ రాజుకీ, కాథరీనా రాణికీ అదే మొదటి పరీక్ష. పేదలకోసం రాణి సహాయ సంఘం పెట్టింది. 1818లో హోహెన్‌హైమ్‌లో వ్యవసాయ విద్యాలయం వెలిసింది. అదే ఏడు సెప్టెంబరు 28న ఈ మైదానంలో మొదటి పండగ జరిగింది. మంచి పశువుల్ని పెంచినవాళ్లకి బహుమతులు, గుర్రప్పందేలు, నడుమ ఈ పంటల స్తంభం. పాపం, రాణి రెండో పండగ చూడలేదు. 1819 జనవరిలో ముప్పై ఏళ్లకే కన్నుమూసింది.

ఇప్పటికీ నాలుగేళ్లకోసారి పండగ పక్కనే వ్యవసాయ ప్రదర్శన పెడతారు. మేం వెళ్లిన ఏడు అదీ ఉంది. ఆవుల్నీ ట్రాక్టర్లనీ చూస్తూ పిల్లలు కదిలితే ఒట్టు.

నేను మాత్రం స్తంభం దగ్గరే ఉండిపోయాను. అన్నేళ్లుగా నేను తిరునాళ్లంటే కడుపునిండినవాళ్ల సరదా అనుకున్నాను. ఇంత పెద్ద పండగ ఆకలిలోంచి పుట్టిందా! నిజమే, రాజుగారి ఖజానా వేరు, నాన్న జేబు వేరు. ఆ అయిదువేలు అప్పుకి జమవుతే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఎందుకిచ్చారని ఆయన్ని నేను ఒక్కసారీ అడగలేదు. అడక్కుండానే తీర్పు చెప్పేశాను.

అక్కణ్నుంచే ఫోన్ చేశాను. మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. నాన్నే తీశారు. స్తంభం కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

‘అయితే వాళ్లు పంట పండాక చేశారన్నమాట. తెలివైనోళ్లు’ అన్నారు నవ్వుతూ.

‘మరి మీరు?’

‘మేం పండాలని కడతాం తల్లీ. ఆ ఏడు ఊళ్లో అందరిదీ ఒకటే గతి. నేనివ్వకపోతే పక్కోడూ ఇవ్వడు. ప్రభ లేవకపోతే ఇక ఊరు లేవదనిపించింది. అంతే.’

నాకు గొంతు పూడుకుపోయింది. ‘అప్పుడు అలా అనకుండా ఉండాల్సింది నాన్నా’ అన్నాను. ‘సర్లే, ఎప్పటి మాట! ఇంతకీ ఆ స్తంభం మీద మిరపకాయలున్నాయా?’ అనడిగారు.

ఇంటికెళ్లాక తీసిన ఫొటోలన్నీ పెద్దవి చేసి మరీ వెతికాను. మిరపకాయ ఒక్కటీ కనిపించలేదు. ఆ మాటే చెబితే ‘అందుకే వాళ్ల కూర చప్పగా ఉంటుందన్నావు’ అని తేల్చేశారు.

2023 శివరాత్రికి నెల ముందే ప్రభ చందా పంపాను. రసీదు నాన్న పేరు మీదే రాయమన్నాను.