ఊరి వెలుపలి బస

యాత్రకు పోవునపుడు మూటలు కట్టుట, చిరుతిండ్లు చేయుట, పిల్లల మందులు సర్దుట స్త్రీల పని యనియు, బస కుదుర్చుట పురుషుల పని యనియు మన యిండ్లలో నొక వాడుక కలదు. కాని యా బసలో నీళ్లు చాలకున్నను, గది తలుపునకు గడియ పడకున్నను, నడిరేయి పసిబిడ్డకు పాలు కాచుకొన తావు లేకున్నను మొదట కష్టపడునది స్త్రీయే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఎందరో మగవారు గల్ఫు దేశములకు పనికై పోయి యున్నారు. అట్టి యిండ్లలో మొక్కులు తీర్చుటయు, పెండ్లిండ్లు నడుపుటయు, బంధువులకు బస చూపుటయు ఇల్లాండ్ర చేతిమీదనే జరుగుచున్నవి. కావున పదిమందికి బస నెన్నుట గృహిణి నేర్వదగిన విద్యయే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి పెద్ద పరివారముతో కాశికి పోవుచు, మజిలీ మజిలీకి నీటి వసతి యెట్టిదో, అంగళ్లు కలవో లేవో, దిగుటకు చోటెట్లున్నదో తమ యాత్రాచరిత్రలో వ్రాసియుంచిరి. ఒంటరి బాటసారి యెచ్చటనైన తల దాచుకొనవచ్చును; నలువదిమందిని వెంట బెట్టుకొనినవారు మాత్రము ముందుగా లెక్క చూచుకొనవలెను.

జగిత్యాలయు, సిరిసిల్లయు కరీంనగరము జిల్లా నుండి వేరుపడి 2016 అక్టోబరు 11వ తేదిన జిల్లా కేంద్రములైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనిదే. జగిత్యాలయందు చుట్టును కందకముతో, నక్షత్రాకారమున, పదునెనిమిదవ శతాబ్దమున కట్టిన కోట యున్నది. నిజామాబాదు నుండి వచ్చు 63వ నంబరు జాతీయ రహదారి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలలను దాటి గోదావరి యొడ్డుననున్న ధర్మపురికి పోవును. సిరిసిల్ల యీ రహదారికి దక్షిణముగా మానేటి యొడ్డున నున్నది. అచటి నుండి వేములవాడ సుమారు పండ్రెండు కిలోమీటర్లు మాత్రమే. ఇట్లు వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి, ఈ మువ్వురిని దర్శింపగోరు యాత్రికుల కీ మూడు ఊళ్లును మజిలీలగుచున్నవి.

క్షేత్రములోనే బస దొరకుట మేలే. కాని దొరకని దినములెన్నో కలవు. సోమవారములును, మహాశివరాత్రియు వేములవాడలో క్రిక్కిరిసి యుండును. రెండేండ్లకొకమారు మేడారము జాతర వచ్చునపుడు, ముందుగా రాజన్నను దర్శించి పోవు వాడుక చేత జనము మరింత పెరుగును. మంగళ, శనివారములందును, హనుమజ్జయంతి దినములందును కొండగట్టుననట్లే. ధర్మపురిలో 2015 జూలైలో గోదావరి పుష్కరములు జరిగినవి. మరల 2027లో రానున్నవి. అట్టి దినములలో గుడి చెంత గదికై తిరుగుటకంటె ప్రక్క పట్టణపు శివారున, పెద్ద బస్సు నిలుచు చోటు చూచి దిగుటయే తెలివి.

శివారు లన్నియు నొక్కటి కావు. జగిత్యాల పాతబస్తీ వీథులు ఇరుకు. పెద్ద బస్సు తిరుగుట కష్టము. కరీంనగరము త్రోవనో, ధర్మపురి త్రోవనో ఊరు దాటు చోట చూచుకొనవలెను. రైలున వచ్చువారు లింగంపేట–జగిత్యాల స్టేషను ఊరికి దూరముగా నున్నదని యెరిగి, రాత్రివేళ దిగినచో వాహనమును ముందుగా కుదుర్చుకొనవలెను. కోరుట్ల చిన్న పట్టణము; మెట్‌పల్లి, జగిత్యాలల నడుమ నుండుటచే రెండు వైపులకును పోవువారి కనుకూలము. అయితే రహదారి నానుకొని యున్న గదిలో లారీల మ్రోత తెల్లవార్లును వినబడును. వెనుక వైపు గదులడుగుట మంచిది.

సిరిసిల్ల సంగతి వేరు. అది మరమగ్గముల పట్టణము. ఆ ఊరివారు సాంచాలని పిలుచు నీ మగ్గములు రాత్రింబవళ్లు ఆడుచుండును. 2017 నుండి బతుకమ్మ చీరలు పెక్కు లిచటనే నేయబడినవి. ఆ చప్పుడు నేతవారికి జీవనము. అలవాటు లేని వృద్ధులకు నిద్రాభంగము. కావున సాంచాల వాడలకు దూరముగా దిగవలెను. ఇంకొక మాట: 2021 సెప్టెంబరులో పెనువానకు సిరిసిల్ల వీథులు నీట మునిగినవి. వానకాలమున పోవువారు ఆ చోటు పల్లమో మెరకయో యడిగి తెలిసికొనవలెను.

ఇక బసలో చూడవలసినవి. మొదటిది నీరు. ఎండకాలమున జగిత్యాల ప్రాంతమున వేడిమి 45 డిగ్రీలు దాటుట కలదు. అపుడు బోరులో నీరున్నదా, కరెంటు పోయినచో మోటారు నడచునా యని యడుగుట మరువరాదు. రెండవది స్నానపు గదుల సంఖ్య. నలువదిమందికి నాలుగు స్నానపు గదు లున్నవనుకొనుడు. ఒక్కొక్కరికి పది నిమిషములు చొప్పున నూరు నిమిషములు పట్టును. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరవలెనన్న, మొదటివారు మూడు గంటల ఇరువది నిమిషములకే లేవవలెను. గదులు ఎనిమిదైనచో నాలుగు దాటిన పిదప లేచిన చాలును. మంచముల సంఖ్యను మాత్రమే చూచి బేరమాడువారి కీ లెక్క తట్టదు.

మూడవది మెట్లు. మోకాళ్ల నొప్పులవారికి క్రింది అంతస్తున గదు లుండవలెను. నాలుగవది రక్షణ: స్త్రీలుండు గదులు వరుసగా నుండుట, లోపలి గడియ సరిగా పడుట, వరండాలో దీపముండుట. అయిదవది వంట: పోయ్యి పెట్టనిత్తురా, లేనిచో పొద్దుపోయి వచ్చినవారికి దగ్గర భోజనము దొరకునా? ఆరవది లెక్క: అద్దె గదికా, మనిషికా? అదనపు పరుపునకెంత? ఎన్ని గంటలకు ఖాళీ చేయవలెను? అడ్వాన్సు నకు రసీదు పుచ్చుకొని, అందరి గుర్తింపు కార్డులును ఒక సంచిలో నుంచుకొనినచో గుమ్మమున నిలువబనిలేదు. శివారు గదికి అద్దె తక్కువ యనుకొని సంతోషించుటకు ముందు, రెండు పూటల ఆటోల కూలి దానికి కలిపి చూడుడు. కొన్నిమారులు చౌక యనుకొన్నదే ప్రియమగును.

ఏడవదానిని మనము తరచుగా మరచెదము. అది డ్రైవరు నిద్ర. అందరికిని గదులిచ్చి, బస్సు నడుపువానిని బస్సులోనే దోమల నడుమ పడుకొనుమనుట చాల చోట్ల వాడుక. మరునాడు మన ప్రాణము లతని కన్నులయందే యున్నవి కదా! 2018 సెప్టెంబరు 11వ తేదిన కొండగట్టు ఘాటుదారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. బస్సున పరిమితికి మించి జనమున్నారు. చనిపోయినవారిలో స్త్రీలును పిల్లలును అనేకులు. ఊరి వెలుపల దిగువారు వాహనముపై నాధారపడక తప్పదు. కావున అద్దెలో మిగిలిన సొమ్ముతో ఇంకొక వాహనము పెట్టుట, డ్రైవరునకొక మంచ మిచ్చుట లోభింపదగిన ఖర్చులు కావు.

యాత్రికులే కాక పనివారి జట్లును ఈ ఊళ్లకు వచ్చుచుండును. వేసవిలో జగిత్యాల మామిడి సంతకు దూరప్రాంతముల వర్తకులు, కోతవారు, గంపలు కట్టువారు చేరుదురు. కట్టడములకు మేస్త్రీలు కూలీలను తెత్తురు. మన యింటి పెండ్లికే వంటవారు, పందిరి వేయువారు, వాద్యగాండ్రు వచ్చుచుందురు. వీరి బస యెచ్చట? బంధువుల గదులకై పది చోట్లు చూచు మనము, వంటవారిని పొయ్యి ప్రక్కనే పడుకొందురులే యని విడిచిపెట్టుట లేదా? ఆ జట్టులో గిన్నెలు తోము స్త్రీలును ఉందురు. వారికి స్నానమునకు చాటు లేదు, చీర మార్చుకొన తలుపు లేదు, రాత్రి బయటికి పోవలసిన దీపము లేదు. మన కూతురికి అక్కరలేనిదేదియు వారికి అక్కరలేనిది కాదు.

పైని చెప్పిన యేడు సంగతులును పనివారికి సయితము వర్తించును; వారికి మరి రెండు కలవు. పనిచోటునకు నడచిపోగల దూరమున బస యుండవలెను; పనిముట్లు భద్రపరుచుకొన తాళము గల చోటుండవలెను. రాత్రి యంతయు పొగలో పొరలినవారు తెల్లవారి నూరుమందికి వండవలసి వచ్చినపుడు చేయి కాలుటయు, పప్పు మాడుటయు వింత గాదు. దయచేత గాకున్నను, పని చక్కగా జరుగవలెనను స్వార్థముచేతనైన వారికి మంచి చోటు చూపవచ్చును.

సోదరీమణులారా! ఈ మారు మీ యింట ప్రయాణము మాట వచ్చినపుడు, ఎందరు పోవుచున్నారో లెక్కించునపుడు డ్రైవరును, వంటమనిషిని, బరువులు మోయువానిని కూడ కలిపి లెక్కింపుడు. ఆ సంఖ్యకు సరిపడు నీరు, తలుపు, మంచము ఉన్న బసయే మంచి బస. అది గుడి గోపురము కనబడు చోట నున్నను సరే, ఊరు దాటిన పిదప పొలముల నడుమ నున్నను సరే.