ఆకాంక్ష

మా అమ్మాయి సివిల్ ఇంజనీరు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు తన కార్యాలయపు ముచ్చట ఒకటి చెప్పింది. ఒక సమావేశంలో ‘లోడ్’ అన్న మాట మీద గంటసేపు వాదన జరిగిందట. కట్టడం వారికి లోడ్ అంటే దూలం మోసే బరువు. విద్యుత్తు వారికి యంత్రాలు వాడుకొనే కరెంటు. సాఫ్ట్‌వేరు వారికి సర్వరు మీద వచ్చిపడే అభ్యర్థనలు. చివరకు మా అమ్మాయి లేచి, ఎవరు ఏ అర్థంలో అంటున్నారో అడిగి, బోర్డు మీద మూడు వరుసలుగా వ్రాసింది. పది నిమిషాలలో వాదన ముగిసింది. “ఆడపిల్లలకు ఈ ఓర్పు సహజం” అని పై అధికారి మెచ్చుకున్నాడట. ఏడాది చివరి పనితీరు నివేదికలో మాత్రం ఆ పనికి చోటు లేదు.

“అమ్మ పోలిక వచ్చిందే నీకు!” అన్నాను నేను.

“పోలికతో రాలేదు నాన్నగారూ, నేర్చుకున్నాను” అన్నది. ఆ మాట నాకు గుచ్చుకొన్నది.

ఆ పని చిన్నదేమీ కాదు. 1999లో అంగారకుని చేరబోయిన ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ నష్టమైనది, ఒక బృందం పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరొక బృందం న్యూటన్ల లెక్కగా తీసుకొన్నందువల్లనే. బృందాల నడుమ సమాచారలోపాన్ని కూడా విచారణ మండలి ఎత్తిచూపింది.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆకాంక్ష శ్రోత జిజ్ఞాస అని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుని మతం. అనగా, వినేవానికి ఏమి కావాలో తెలియనిదే చెప్పడం పూర్తి కాదు. కెరోల్ గిలిగన్ 1982 నాటి ‘ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్’లో ఎదుటివారి అవసరాన్ని పట్టించుకోవడం కూడా నైతిక వివేకమేనన్నారు. పితృస్వామ్యంలో అది ‘స్త్రీ సహజ గుణం’, ప్రజాస్వామ్యంలో మనుషులందరి ధర్మం అని ఆమె తరువాత వివరించారు. సహజమన్న దానికి జీతమూ ఉండదు, గౌరవమూ ఉండదు.

మా నాన్నగారికీ నాకూ నాలుగేళ్ళు మాటలు లేవు. ఆ నాలుగేళ్ళూ ఒకరి మాట మరొకరికి చేర్చినది నా భార్యే. దానిని నేను విద్య అని ఏనాడూ అనలేదు. ఆ రాత్రి మొదటిసారి అడిగాను, ఎలా నెట్టుకొచ్చావని.

“మామయ్యగారి భోజనం అయ్యేదాకా ఆగేదాన్ని. తరువాత మీరన్నది కాదు, మీకు కావలసినది చెప్పేదాన్ని” అన్నది.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆకాంక్షకు నిర్వచనం చెప్పినవాణ్ణి నేను. దానిని ఆచరించినది ఆమె.