చేవెళ్ల దారిలో కూరగాయల గంప

లంగర్‌హౌజ్‌ దాటి బీజాపూర్‌ రహదారి పట్టగానే నగరపు హోరు మెల్లగా వెనుకబడుతుంది. అజీజ్‌నగర్‌, మొయినాబాద్‌, ఆపై చేవెళ్ల. దారికి ఇరువైపులా ఊడలు దిగిన మర్రిచెట్లు. నిజాం పాలనలో బాటసారుల నీడకోసం నాటించినవని పెద్దలు చెబుతారు. రహదారి విస్తరణలో ఇవి నేలకూలకూడదని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు.

నగరానికి ఇంత చేరువలో పచ్చని పొలాలు మిగలడానికీ ఒక కారణముంది. 1908 నాటి మూసీ వరదల తరువాత ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ జలాశయాలు వెలిశాయి. వాటి రక్షణకోసం 1996లో వచ్చిన 111 జీవో మొయినాబాద్‌ పరిసరాలతో సహా 84 గ్రామాలలో భారీ నిర్మాణాలను కట్టడి చేసింది. ఆ నేలల్లో పండే టమాటా, క్యారెట్‌, ఆకుకూరలు తెల్లవారేసరికి మెహదీపట్నం రైతుబజారుకు చేరుతుంటాయి.

రమజాన్‌కు ముందు ఒక ఆదివారం నేనూ, నా శ్రీమతీ అటు వెళ్లాము. చేవెళ్లకు కొంత ఇవతల, మర్రినీడన గోనెపట్టా పరచి ఒక వృద్ధురాలు కూరగాయలు అమ్ముతోంది. నా శ్రీమతి అలవాటు చొప్పున బెండకాయల కొసలు విరిచి చూడసాగింది. ఆరేడు కాయలు విరిగాక అవ్వ మెల్లగా అన్నది: “బిడ్డా, కొస విరిచినంక దాన్నెవలు కొంటరు? పొద్దుగూకేసరికి నల్లబడ్తది.”

ఆ మాటలో కోపం లేదు. అందుకే మరింత సూటిగా తగిలింది. మేము విరిచి వదిలేసిన కాయలు ఆమె పంటలో నష్టం, ఆమె కష్టంలో కోత. ఇంతకాలం మేము దానిని తెలివైన కొనుగోలు అనుకున్నాము!

“మరి లేతవి ఎట్లా తెలుస్తాయి అవ్వా?” అని అడిగింది నా శ్రీమతి.

“సన్నవి ఏరుకో. చేతికి మెత్తగ తగిల్తే లేత, కట్టెలెక్క తగిల్తే ముదురు.”

ఆ తరువాత అవ్వ ఒక్కొక్కటే చూపించింది. వంకాయ తొడిమ పచ్చగా, తొక్క నిగనిగలాడుతూ ఉండాలి. సన్నని రంధ్రముంటే లోపల పురుగు ఉన్నట్లే. దోర టమాటాలు నాలుగు రోజులు నిలుస్తాయి, బాగా ఎర్రబారినవి ఆనాటి కూరకే. మట్టితో ఉన్న క్యారెట్‌ను చూసి ముఖం తిప్పుకోరాదు, కడిగినదానికన్నా అదే ఎక్కువ రోజులు నిలుస్తుంది. జామపండుకు వాసనే సాక్ష్యం. పుచ్చకాయకు నేలనానిన చోట లేత పసుపు మచ్చ ఉంటే తీగమీద పండినట్లు గుర్తు.

దైవప్రవక్త ముహమ్మద్‌ (సఅసం) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. మెత్తబడిన టమాటాలను గంప అడుగున దాచేవారికి, నిషిద్ధమైన కార్బైడ్‌తో మామిడిని మగ్గబెట్టేవారికి ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఇది మనం తరచు చెప్పుకునే హదీసే. అయితే అమ్మకంలోనూ, కొనుగోలులోనూ ఉదారంగా వ్యవహరించే వ్యక్తిని అల్లాహ్‌ కరుణించాలని ఆయన (సఅసం) దుఆ చేసిన సంగతి కొనుగోలుదారులమైన మనకు ఎంతవరకు గుర్తుంటుంది? సరుకును పరీక్షించే హక్కు మనకుంది. దానిని పాడుచేసే హక్కు లేదు.

టమాటా ధర కిలో వంద రూపాయలు దాటిన 2023 వేసవి చివర మనమందరం గగ్గోలు పెట్టాము. కోత కూలి కూడా గిట్టక రైతు పంటను రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో మాత్రం ఐదు రూపాయలకోసం బేరమాడుతూనే ఉంటాము.

విరిచిన కాయలన్నింటినీ ఏరి, నా శ్రీమతి తన సంచిలోనే వేసుకున్నది. తూకం ముగిశాక అవ్వ వద్దన్నా వినకుండా గుప్పెడు కొత్తిమీర కొసరుగా వేసింది. మరునాడు కోస్తుంటే వాటిలో రెండు కాయలు ముదురు తేలాయి. నా శ్రీమతి నవ్వి వాటిని పక్కన పెట్టింది. ఆనాటి కూర ఎన్నడూ లేనంత రుచిగా అనిపించింది.