గుండు నీడలో కాసేపు

ఇలా వచ్చి ఈ బండ మీద కూర్చోండి. పొద్దెక్కలేదు, ఇంకా చల్లగానే ఉంది. ఖాజాగూడ గుట్టల్లో నాకు బాగా ఇష్టమైన చోటిది. ఎదురుగా చూడండి, గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. చిన్నప్పుడైతే భీముడే పేర్చి వెళ్లాడనుకునేవాళ్లం. ఎవరూ పేర్చలేదండీ. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గట్టిపడ్డ గ్రానైటు రాయి ఇది. అడ్డంగా, నిలువుగా నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోకి నీళ్లు దిగి, మట్టి మరుగునే మూలల్ని కొద్దికొద్దిగా తినేశాయి. మెత్తబడిందంతా వానలకు కొట్టుకుపోయింది. గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకిక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

ఈమధ్య వస్తున్న యాత్రాకథనాలు తెగ చదువుతున్నాను. బస, తిండి, సూర్యాస్తమయం అన్నీ ఉంటాయి. కాలికింది రాయి ఒక్కటే ఉండదు. 'అందమైన కొండలు' అని దాటేస్తారు. నాకు కష్టంగా ఉంటుంది. స్కాట్లండ్‌లో కెయిర్న్‌గార్మ్ కొండలున్నాయి, అవీ గ్రానైటే. నాన్ షెపర్డ్ అనే ఆవిడ జీవితమంతా వాటిలో తిరిగారు, ఒక్కోసారి చెప్పుల్లేకుండా. శిఖరం అందుకోవాలన్న తొందర ఆవిడకు లేదు. యుద్ధకాలంలో రాసుకున్న 'ద లివింగ్ మౌంటెన్' దాదాపు 30 ఏళ్లు సొరుగులోనే ఉండి 1977లో అచ్చయింది. రాబర్ట్ మెక్‌ఫర్లేన్ లాంటి నేటి నడక రచయితలకు అదే పెద్దబాలశిక్ష.

మరి మనకో? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారి ఇసకో, రేగడో, రాళ్లో రాసుకుంటూ పోయారు. తను పల్లకిలో ఉన్నా బోయీల పాదాలు ఆయన కలానికి తెలుసు. మన భాషలో రాతి మాటలకూ కొదవలేదు: గుట్ట, తిప్ప, బండ, చట్టు, నీళ్లు నిలిచే దొన. ఓరుగల్లంటే ఒంటిరాయే కదా! నల్లగొండ పేరులో కొండ రంగుతో సహా ఉంది.

ఆ పేర్లున్న ఊళ్లలోనే గుట్టల్ని పేల్చి కంకర చేస్తున్నారు. 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్లు 1996 నుంచి మొరపెట్టుకుంటూనే ఉన్నారు, జనాన్ని గుట్టల్లోకి నడిపిస్తూనే ఉన్నారు. పోయిన గుట్ట మళ్లీ మొలవదండీ. అందుకే, దారిన పోయేవాళ్లు రాయి గురించి నాలుగు మాటలు రాయాలని నా పట్టు.

ఎండ ఎక్కుతోంది. లేచేముందు ఈ గుండును రెండు చేతులా తాకి చూడండి. తూర్పు పక్క అప్పుడే వెచ్చబడింది. పడమటి పక్క రాత్రి చలి ఇంకా వదల్లేదు.