చుక్క పోయిన చోట

ఓస్కార్-7 నాకంటే వయసులో పెద్దది. ఔత్సాహిక రేడియో వాళ్ళు తమకోసం కట్టుకున్న చిన్న ఉపగ్రహం. 1974 నవంబరు 15న కాలిఫోర్నియా తీరం నుంచి పైకి వెళ్ళింది. 1981లో బ్యాటరీ షార్టయి మూగబోయింది. 2002 జూన్ 21న ఇంగ్లండులో ఒకాయనకి దాని మోర్స్ సంకేతం మళ్ళీ వినిపించింది. షార్టయిన బ్యాటరీలో దారి ఎక్కడో తెగిపోయి, సౌర ఫలకాల కరెంటు నేరుగా పరికరాలకి అందడం మొదలైందని వివరణ. అప్పట్నుంచీ అది ఎండలో ఉన్నంతసేపే మాట్లాడుతుంది. భూమి నీడలోకి వెళితే నిద్రే.

అది మోర్స్‌లో పంపే టెలిమెట్రీని, అంటే తన ఒంట్లో సంగతులు చెప్పుకునే అంకెల్ని, డీకోడ్ చెయ్యడానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు. చెవీ, పెన్సిలూ చాలు. ముందు 'హెచ్ ఐ' అని రెండుసార్లు పలకరింపు. మోర్స్ వాళ్ళ వాడుకలో అది నవ్వు కూడా. ఆ తర్వాత ఆరు వరసలు, వరసకి నాలుగు మూడంకెల సంఖ్యలు.

ప్రతి సంఖ్యలో మొదటి అంకె వరస నెంబరు. మూడో వరసలో నాలుగూ 3తోనే మొదలవుతాయి. పురుగు తిన్న తాళపత్రంలో పోయిన హల్లుని ప్రాస పట్టుకుని పూరించినట్టు, ఈ అంకె గరగరలో కలిసిపోయినా నిశ్చింతగా రాసుకోవచ్చు. కానీ ప్రాస ఆ హల్లు వరకే చెప్తుంది. కవి ఏమన్నాడో చెప్పదు కదా. అసలు కబురంతా మిగిలిన రెండంకెల్లో ఉంది.

ఉష్ణోగ్రత సంగతే చూడండి. వచ్చిన సంఖ్యని 1.48తో గుణించి 95.8లోంచి తీసెయ్యాలి. 50 అయితే 21.8 డిగ్రీలు. మోర్స్‌లో 5 అంటే ఐదు చుక్కలు. చివరి చుక్క సాగి గీతలా వినిపిస్తే అది 4. అప్పుడు 40, అంటే 36.6 డిగ్రీలు. ఒక్క చుక్క తేడాకి చలికాలం ఎండాకాలమైపోతుంది. పైగా ఆ సూత్రం కొత్త ఉపగ్రహానికి రాసిన వ్యాఖ్యానం. ఏభై ఏళ్ళ ముసలిదానికి అది పూర్తిగా వర్తిస్తుందని సూత్రమే హామీ ఇవ్వలేదు.

"వినపడకపోతే ఇందాకటి అంకే వేసెయ్యరాదా?" అన్నాడు మా ఆఫీసు మిత్రుడు. మా వృత్తిలో రోజూ చేసే పనే అది. ఖాళీల్లో ఇరుగుపొరుగు విలువల సగటు నింపితే గ్రాఫు నున్నగా వస్తుంది. కానీ ఇది నీడలోంచి అప్పుడే ఎండలోకొచ్చి, నిమిషనిమిషానికీ వేడెక్కుతున్న వస్తువు. దాని దగ్గర కబురంటూ ఉంటే అది మార్పే. పాత అంకె వేస్తే ఆ మార్పునే నొక్కేసినట్టు. పుస్తకాల మీద రాసేటప్పుడు కూడా నాకీ భయం ఉంది. అర్థంకాని పేరాని ఆ రచయిత పాత పుస్తకంతో పూరించెయ్యడం ఎంత సులువో!

మొన్నటి కాయితం మీద 24 గడుల్లో 17 నిండాయి. మిగతా ఏడింట్లో అడ్డగీతలు పెట్టి, పక్కన తేదీ, టైమూ వేసి ఉంచాను.