కాంటర్‌బరీ నేతగాళ్ళు

లండన్‌లో కొడుకు దగ్గర రెండు నెలలు ఉండి వచ్చినప్పటి నుంచి, ఏమేం చూశారని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. లండన్‌ను మీరందరూ యూట్యూబ్‌లో మాకంటే బాగానే చూసుంటారు. అందుకే కాంటర్‌బరీ గురించి రాస్తున్నాం.

రైల్లో గంట ప్రయాణం. కాంటర్‌బరీ వెస్ట్ స్టేషన్లో పట్టాలకు అడ్డంగా, పైన వంతెనలాగా కట్టిన పాత సిగ్నల్ క్యాబిన్ ఉంది. మా ఇద్దరిలో ఒకరు రైల్వే గుమాస్తా గదా, అక్కడే పావుగంట గడిచిపోయింది. ఆ ఊరి నుంచి విట్‌స్టబుల్‌కు 1830 మే 3న ఆవిరి బండి మొదలైంది. రాయపురం నుంచి మన వాలాజా రోడ్డుకు బండి వచ్చింది 1856లో. సముద్రానికి పోయేవాళ్ళకు 1834లోనే సీజన్ టికెట్ అమ్మారట! కాట్పాడిలో సీజన్ టికెట్లు రాసి రాసి వేళ్ళు కాయలు కాసిన మనిషికి ఇంకేం కావాలి?

ఇక కెథీడ్రల్. 1170 డిసెంబర్ 29న ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రాజు మనుషులు నలుగురు లోపలే నరికేశారు. కత్తి దెబ్బకు నడినెత్తి తెగిపోయింది. ఆ తల ముక్కను పెట్టి మొక్కడానికని ఒక మందిరమే కట్టారు. మా గుడియాత్తం వాళ్ళకు ఇది విడమరచి చెప్పాలా? వైకాసి 1న గంగమ్మ సిరసు ఊరేగేటప్పుడు తోపులాటలో నిలబడ్డ వాళ్ళమే గదా అందరం. యాత్రికుల కాళ్ళకు, మోకాళ్ళకు అరిగి గుంటలు పడ్డ రాతిమెట్లు ఎక్కిపోతే, పైన సమాధి లేదు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దాన్ని పగలగొట్టించాడు. ఆ చోట నేల మీద ఒక్క కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది. వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గర్భగుడి కూడా ఎన్నో తరాలు అట్లే ఖాళీగా ఉండేది. 1981లో సత్తువాచ్చారి నుంచి లింగాన్ని తెచ్చి మళ్ళీ పెట్టారు. అక్కడ మాత్రం కొవ్వొత్తే.

మమ్మల్ని కదిలించింది ఇవేవీ కాదు, కింద నేలమాళిగలో చూసినది. ఎలిజబెత్ రాణి కాలంలో మతం కోసం తరిమేస్తే సముద్రం దాటి వచ్చిన ఫ్రెంచి మాటల నేతగాళ్ళకు, ప్రార్థన చేసుకోమని అక్కడ చోటిచ్చారు. ఊళ్ళో మగ్గాలు ఆడాయి. స్టౌర్ కాలువ ఒడ్డున నేతగాళ్ళ ఇల్లని ఇప్పటికీ చూపిస్తారు, అదిప్పుడు హోటలు. మగ్గాలు పోయాయి, వాళ్ళ పిల్లలు ఇంగ్లీషువాళ్ళలో కలిసిపోయారు, ఇళ్ళల్లో ఆ మాట పోయి ఎన్నో తరాలైంది. ఆదివారం ఫ్రెంచి ప్రార్థన మాత్రం ఇంకా జరుగుతోంది.

అక్కడి నుంచి తిరిగొచ్చేదాకా మా ఇద్దరికీ వాదనే. ఇంట్లో పోయిన మాట గుళ్ళో ఉంటే ఎవరికి లాభమని ఒకరు. ఆ గది కూడా లేకుంటే అట్లాంటి వాళ్ళు వచ్చారనే ఎవరికీ తెలియదు గదా అని ఇంకొకరు. ఇప్పటికీ తేలలేదు.

మేమిద్దరం చదివింది తమిళ మీడియమే. తెలుగు మాట అవ్వ దగ్గర వచ్చింది. అక్షరాలు వచ్చింది మాత్రం ఉద్యోగంలో చేరాక, చిత్తూరు, పాకాల, రేణిగుంట స్టేషన్ల బోర్డులు కూడబలుక్కుని. మా వీధిలో కైలీలు నేసే ఇళ్ళల్లో పెద్దలు తెలుగులో పిలిస్తే పిల్లలు తమిళంలో పలుకుతారు. లండన్‌లో మనవడు ఇంగ్లీషులో పలుకుతాడు. తమిళం మీద మాకేం కోపం లేదు, అన్నం పెట్టిన భాష అది.

మన సంఘం గదిలో ఆదివారం తెలుగు క్లాసుకు నలుగురే వస్తున్నారని, ఆపేద్దామని పోయిన మీటింగులో మాట వచ్చిందట. వచ్చే మీటింగులో మేమిద్దరం ఆపవద్దనే చెయ్యెత్తుతాం. అందాకా పలక, బలపం మేమే తెస్తాం. ఈ ఆదివారం పొద్దున పది గంటలకు గది తెరిచే ఉంటుంది. పిల్లల్ని పంపండి, వీలైతే మీరూ వచ్చి వెనక బెంచీలో కూర్చోండి.