మ్యూజియంలో నాన్న ఆడిట్

జూలైలో ఆస్టిన్ ఎండకు పొద్దున ఎనిమిది దాటితే నాన్నను బయట నడవనివ్వలేం. ఎండలు ఎరగని మనిషేం కాదు, శ్రీకాళహస్తిలో పుట్టి పెరిగాడు. కానీ వేపచెట్టు నీడా, వీధి చివర టీకొట్టూ ఉన్న ఎండ వేరు, రెండు మైళ్లు నడిచినా పలకరించే మనిషి ఎదురుపడని కాలనీలో ఎండ వేరు. 2017లో అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు మూడో వారానికల్లా నాన్న మా గ్యారేజీలో మేకులన్నీ సైజులవారీగా సీసాల్లోకి సర్దేశాడు. నాలుగో వారం మూడేళ్ల కరెంటు బిల్లులు బయటికి తీసి నెలవారీ పట్టీ రాశాడు. ఐదో వారం ఇంకేం తీస్తాడోనని భయం వేసి మ్యూజియానికి బయల్దేరదీశాను.

నాన్నది ట్రెజరీ ఉద్యోగం. జూనియర్ అకౌంటెంటుగా చేరి సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఆయన లెక్కలో లోకంలో కాగితాలు రెండే రకాలు: పాసైనవి, అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపినవి. బొమ్మలు చూద్దామంటే రాడని తెలిసి, యూనివర్సిటీ చూద్దువుగాని రమ్మన్నాను. అబద్ధమూ కాదు. బ్లాంటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ టెక్సస్ యూనివర్సిటీదే. క్యాంపస్‌కి దక్షిణపు అంచున ఉంటుంది, అక్కణ్నుంచి కాంగ్రెస్ అవెన్యూ వెంట చూస్తే క్యాపిటల్ భవనం కనిపిస్తుంది. సంస్థ 1963 నుంచీ ఉన్నా, ఇప్పటి భవనం తెరిచింది 2006లో. అప్పట్లో గురువారాలు టికెట్ లేదు. ఆ ముక్క ముందే చెప్పాను, లేకపోతే కారు దిగడు.

లోపల అడుగు పెట్టగానే ఎత్తయిన హాలు, గోడలన్నీ నీలం. తెరెసితా ఫెర్నాండెజ్ 2009లో చేసిన 'స్టాక్డ్ వాటర్స్' అది. అక్రిలిక్ పట్టీలు అడ్డంగా గోడల నిండా పరిచారు. కింద ముదురు నీలం, పైకి పోయేకొద్దీ పలచబడి తెలుపులో కలిసిపోతుంది. నున్నటి ఆ పట్టీల మీద మనుషుల నీడలు నీళ్లలో లాగా వణుకుతాయి. "కోనేట్లోకి దిగినట్టుందే," అంది అమ్మ. ఆమె మ్యూజియం అక్కడితో పూర్తయింది. స్వెట్టర్ తేలేదని నన్ను రెండు మాటలని, ఒక బెంచీ చూసుకుని కూర్చుంది.

ఆ వేసవిలో అక్కడ 'ఎపిక్ టేల్స్ ఫ్రమ్ ఏన్షంట్ ఇండియా' అనే ప్రదర్శన నడుస్తోంది. శాన్ డియాగో మ్యూజియం నుంచి అరువు తెచ్చిన చిన్న చిన్న చిత్రాలు. రామాయణం, భాగవతం, రాగమాలలు, పక్కనే పారశీకుల షానామా. నాన్న మొదటి చిత్రం ముందు ఆగాడు. చిత్రం వైపు కాదు, దాని పక్కన అంటించిన చీటీ వైపు చూశాడు. పేరు, ఊరు, కాలం, ఏ రంగులు, ఎవరిచ్చారు, చివర్న ఒక నంబరు.

"అమ్మాయ్, ఇది స్టాకు రిజిస్టర్ నంబరు కదూ? 1990లో జమ చేసుకున్నారు. ఆ తర్వాతది వరస నంబరు."

పదేళ్లుగా మ్యూజియాలకు పోతున్నాను, ఆ అంకె వైపు ఒక్కసారీ చూసినదాన్ని కాదు. నిజమే, ఆ చిత్రాలన్నీ 1990లో ఒకే మనిషి వీలునామా కింద శాన్ డియాగోకు చేరాయి. ఎడ్విన్ బిన్నీ అని, ఆ పేరుతో వాళ్లింట్లో మూడోవాడు. ఆయన తాత స్థాపించిన కంపెనీయే క్రేయోలా మైనపు క్రేయాన్లు చేసింది. 1903లో ఎనిమిది రంగుల డబ్బా ఐదు సెంట్లకు అమ్మారు. పిల్లల క్రేయాన్ల డబ్బుతో మనవడు 1,400కు పైగా భారతీయ చిత్రాలు కొన్నాడు. ఇది విని నాన్న కాసేపు ఆలోచించాడు.

"గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాస్తే వెలుతురు ఎక్కణ్నుంచి వస్తుందని నవ్వేదానివి. ఇక్కడ గోడలకు గోడలే రాసేశారు."

జవాబు లేదు. బ్లాంటన్ అన్నదీ విరాళంతో వచ్చిన పేరే మరి.

అప్పుడు చిత్రం వైపు తిరిగాడు. కాళహస్తిలో కలంకారీ గుడ్డల మీద రామాయణం చూస్తూ పెరిగినవాడు కాబట్టి ఒకే బొమ్మలో రాముడు మూడుచోట్ల కనపడినా కంగారుపడలేదు. ఇటు కూర్చున్నాడు, అక్కడ లేచాడు, అటు వెళ్లిపోతున్నాడు. నా పక్కన ఒకావిడ మాత్రం ఆ ముగ్గురూ అన్నదమ్ములా అని వాళ్లాయన్ని అడుగుతోంది. మా ఊరి గుడ్డల మీదయితే ప్రతి గడి పైనా తెలుగులో ఒక వరస రాసి ఉంటుంది, ఇది ఫలానా ఘట్టమని. నాన్న అలవాటు కొద్దీ దానికోసం పైఅంచు వెతికాడు. ఆ వెతుకులాటలోనే అంచున ఒక చిన్న అంకె కంటపడింది.

"ఇది పుస్తకంలో కాగితం. మిగతా పుస్తకమేది?"

అక్కడ వివరించడానికి నిలబడ్డ విద్యార్థినిని అడగమన్నాడు. అడిగాను. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది: ఇలాంటి పుస్తకాలు ఎన్నో వ్యాపారుల చేతుల్లో విడిపోయాయి, పుస్తకంగా అమ్మితే వచ్చేదాని కన్నా విడికాగితాలుగా అమ్మితే ఎక్కువ వచ్చేది, అందుకే ఒకే రామాయణం పుటలు ఇప్పుడు నాలుగు దేశాల మ్యూజియాల్లో ఉన్నా ఉండొచ్చు. తెలుగులోకి మార్చి చెబుతుంటే నాన్న మొహం మారిపోయింది. ఆయన సర్వీసులో రిజిస్టర్ నుంచి ఒక్క కాగితం పోయినా అది చిన్న విషయం కాదు. సస్పెన్షన్, ఎంక్వైరీ, ఇంక్రిమెంటుకు కోత.

"అంటే వారధి కట్టక ముందు కాగితం ఒక ఊళ్లో, కట్టిన తర్వాతది ఇంకో ఊళ్లో. మధ్యలో సముద్రమేనన్నమాట," అన్నాడు.

నూరేళ్లు దాటిన చిత్రాలు దేశం దాటకుండా మనకు 1972లో చట్టం వచ్చిందని చెప్పాను. అప్పటికి ఎన్ని దాటిపోయాయో దానికి పద్దు ఉందా అన్నాడు. ఇంకో అబ్జెక్షన్ కూడా రాయించాడు: పేరులో ఏమో ప్రాచీన భారతం, చీటీల మీద ఏమో 16 నుంచి 19వ శతాబ్దం దాకా. కథ పాతదైతే బొమ్మ పాతదవుతుందా? ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షమే.

గదిలో వెలుతురు మరీ తక్కువ. కరెంటు పొదుపా అని అడిగాడు. కాదు, ఆ రంగులు, ఆ కాగితం వెలుతురుకు ఆగవు. అందుకే కొన్ని నెలలే బయట పెడతారు, తర్వాత ఏళ్ల తరబడి పెట్టెల్లో చీకట్లో ఉంచుతారు. ఈ పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. స్టాంపు కాగితాలను డబుల్ లాక్‌లో పెట్టి రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచే శాఖ నుంచి వచ్చినవాడు కదా. బసోలీ చిత్రకారులు నగల్లో పచ్చల బదులు మెరిసే పురుగు రెక్కల ముక్కలు అతికేవారని ఆ పిల్ల చెబితే, తల ఒక పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి, ప్రతి చిత్రంలో హారాలు తనిఖీ చేశాడు. అంత దగ్గరగా వంగితే ఎక్కడ ముక్కు తగులుతుందోనని కాపలా కుర్రాడు పక్కనే నిలబడ్డాడు. నోట్సు రాసుకోవడానికి నాన్న బాల్‌పెన్ను తీస్తే, అదే కుర్రాడు ఎక్కణ్నుంచో చిన్న పెన్సిల్ తెచ్చిచ్చాడు. ఆ పెన్సిల్ ఇప్పటికీ కాళహస్తి ఇంట్లో ఉంది.

తర్వాత మా గురువారాలన్నీ అక్కడే. నెలలో మూడో గురువారం రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచేవారు, ఏవో కార్యక్రమాలు పెట్టేవారు. పటాల మధ్య చాపలు పరిచి యోగా చేయించడం మాత్రం నాన్నకు గిట్టలేదు, "శవాసనం వేసి కళ్లు మూసుకునేదానికి బొమ్మలెందుకు," అని. సౌండ్‌స్పేస్ అని ఇంకోటుంది, గదికొక వాద్యబృందం కూర్చుని ఒకేసారి వాయిస్తుంటే మనం తిరుగుతూ వినాలి. అమ్మ దానికి ఒకసారి వచ్చి, పెళ్లివారి బ్యాండూ ఎదురింటి మైకూ కలిసినట్టుందని తేల్చేసింది. నాకైతే ఇష్టం. గుమ్మంలో నిలబడితే రెండు గదుల పాటలు చెవుల దగ్గర కొట్టుకుంటాయి.

నాన్న అసలు గది వేరే. బ్రెజిల్ కళాకారుడు సిల్డో మెయిరెలెస్ 1987లో చేసిన పని ఉండేది అక్కడ. నేల మీద 6 లక్షల నాణేలు పరిచి ఉంటాయి. పైకప్పు నుంచి 2,000 పశువుల ఎముకలు వేలాడుతుంటాయి. ఈ రెంటి మధ్య చర్చిలో ప్రసాదంగా ఇచ్చే 800 పల్చటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి దారంలా సన్నని స్తంభం. చుట్టూ నల్లటి పల్చని తెర. దక్షిణ అమెరికాలో జెసూయిట్ మిషన్లు గ్వరానీ జనాన్ని మతంలో కలుపుకున్న చరిత్ర దాని వెనక ఉంది.

ముందు ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. ఎవరు లెక్కపెట్టారు? ఏడాదికోసారి ఫిజికల్ వెరిఫికేషన్ ఉందా? అన్నీ సెంట్లే అనుకుంటే 6 వేల డాలర్లు, ఇంత దానికి కాపలా కుర్రాడొక్కడేనా? నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. తర్వాత తెర పక్కన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నాణేల మీద పడ్డ వెలుగు రాగిరంగులో ఎముకల దాకా లేస్తోంది.

"జమ కింద పెట్టాడు, ఖర్చు పైన పెట్టాడు," అన్నాడు చివరికి. మధ్యనున్న సన్నని బిళ్లల వరస చూపించి, "ఇదీ వోచరు."

ఆ పని గురించి నేను చదివిన వ్యాసాల్లో ఇంత పొట్టిగా చెప్పిన మాట నాకు ఎదురుపడలేదు.

2019లో మళ్లీ వచ్చేటప్పటికి మ్యూజియం పక్కన కొత్తగా తెల్లరాతి కట్టడం లేచి ఉంది. ఎల్స్‌వర్త్ కెల్లీ రూపం గీసినది, పేరే 'ఆస్టిన్'. 1986లో కాలిఫోర్నియాలో ఎవరికోసమో ఊహించిన నమూనా, అప్పుడు కట్టనే లేదు. 2015లో బ్లాంటన్‌కు ఇచ్చాడు, ఆ ఏడాది డిసెంబరులోనే పోయాడు. 2018 ఫిబ్రవరిలో తెరిచారు. చూస్తే చర్చిలా ఉంటుంది గానీ చర్చి కాదు, ఆయన నాస్తికుడు. గోడల్లో 33 రంగు గాజు కిటికీలు, లోపల నలుపు తెలుపు పాలరాతి పలకలు 14, చివర 18 అడుగుల ఎర్రచెక్క స్తంభం.

నాన్న గుమ్మంలో బూట్లు విప్పబోయాడు. అక్కర్లేదన్నారు. స్తంభాన్ని కిందనుంచి పైదాకా చూసి, "ధ్వజస్తంభం ఉంది, స్వామి లేడు," అన్నాడు. బోసిగా ఉందని నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. కాదు. ఆయన అప్పటికే గోడ మీద పడ్డ రంగుమచ్చల్ని చూస్తున్నాడు. ఎర్రది, నారింజది, పచ్చది, గడులు గడులుగా. కాసేపటికి చూస్తే అవి జరిగాయి. నాన్న చేతి గడియారం చూశాడు, జేబులోంచి డైరీ తీశాడు, పాత పెన్సిల్ తీశాడు.

అక్కడ కాగితాన్ని వెలుతురు నుంచి దాచే పెట్టెలు, ఇక్కడ వెలుతురునే పెట్టిన గది, రెంటికీ మధ్య నడక రెండు నిమిషాలు. ఆసారి వాళ్లున్న ఆరు నెలల్లో ఎన్నిసార్లు వెళ్లామో నేను లెక్కపెట్టలేదు. డైరీలో ఉంది. తేదీ, టైము, ఏ రంగు ఏ గోడ మీద ఎక్కడిదాకా, మబ్బయితే "నిల్".

ఇప్పుడు ప్రయాణం చేయలేకపోతున్నాడు, మోకాళ్లు. రాత్రి తొమ్మిదికి భోంచేసి ఫోన్ చేస్తాడు, ఎండాకాలమైతే మాకప్పుడు పొద్దున పదిన్నర. మొన్న వేసవిలో పిల్లలు, ఆరోగ్యం అన్నీ అయ్యాక, "ఇప్పుడా ఎర్ర గడి ఎక్కడికొచ్చుంటుంది?" అని అడిగాడు. ఆఫీసులో ఉన్నాను నాన్నా, ఏం తెలుస్తుందన్నాను. ఆ వారంలోనే ఒక పొద్దున వీలు చేసుకుని వెళ్లాను. లోపల నేనూ, ఒక కాపలా అమ్మాయీ తప్ప ఎవరూ లేరు. ఎర్రది గోడ మీద నిండుగా ఉంది, పక్కనున్న నారింజ గడి అంచు అప్పుడే నేల మీదికి మడత పడుతోంది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను.

పది నిమిషాలకు జవాబొచ్చింది.

"తేదీ, టైము రాయలేదు. తిప్పి పంపడమైనది."